నాడిని కాచే కణానికి కళ్లెం ఎవరు వేస్తారు? మెర్లిన్ ప్రోటీన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కణజీవశాస్త్రం చదివే పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఒకరికి ఎన్ఎఫ్2 అనే, నరాల మీద గడ్డలు పెరిగే జన్యు జబ్బు ఉందని తేలి, రిపోర్టు చేతిలో పట్టుకుని వచ్చేవాళ్లు అడిగేవి ఇంకొన్ని. మొదట్లో ఇవి వేర్వేరు అనుకున్నాను. ఏళ్లుగా వింటుంటే రెండూ ఒకే చోటికి చేరుతున్నాయి: నరాన్ని కాచే ష్వాన్ కణాలు మితిమీరి పెరగకుండా ఆపే మెర్లిన్ అనే ఈ ప్రోటీన్ ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు మానుకుంటుంది, ఆ సంగతి ఎవరు నిర్ణయిస్తారు? అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు ఉంచి, జవాబులు ఒక చోట పెట్టాను. ఎక్కడినుంచైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మొదటి మెట్టు: కణంతో పరిచయం

ష్వాన్ కణం అంటే ఏంటండీ? అదే నరమా, నరం చుట్టూ ఉండేదా?

నరం చుట్టూ ఉండేదే. మనం నరం అని పిలిచేది వేల ఆక్సాన్ల కట్ట. ఆక్సాన్ అంటే నరకణం (న్యూరాన్) నుంచి సాగే, సంకేతం మోసే పొడవాటి పోగు. మెదడు, వెన్నుపాము దాటి బయటికొచ్చిన ఆక్సాన్లన్నిటికీ ష్వాన్ కణాలు తోడుంటాయి. లావు ఆక్సాన్ అయితే ఒక్కో కణం దాని పొడవులో ఒక్కో ముక్కను, మహా అయితే మిల్లీమీటరు మేర, పట్టుకుని తన పొరను పొరలు పొరలుగా చుట్టేస్తుంది. అదే మైలిన్ తొడుగు. సన్నటి ఆక్సాన్లను అలా చుట్టదు, కొన్నిటిని కలిపి తన ఒంట్లోని గాడుల్లో పొదువుకుంటుంది. మైలిన్ లేని సన్న ఆక్సాన్‌లో సంకేతం సెకనుకు సుమారు ఒక మీటరు నడిస్తే, మందంగా చుట్టినదాంట్లో పదుల మీటర్లు పరుగెత్తుతుంది. జర్మన్ శాస్త్రవేత్త థియోడోర్ ష్వాన్ పేరు దీనికి పెట్టారు.

మన దగ్గర ఈ కణం పేరు తెలియనివాళ్లకు కూడా అది దెబ్బతింటే ఏమవుతుందో తెలుసు. కుష్టు బాక్టీరియా కాపురం పెట్టేది ష్వాన్ కణాల్లోనే. వేడి గిన్నె పట్టుకున్నా చెయ్యి కాలుతున్నట్టు తెలియకపోవడం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

మెదడులో కూడా ష్వాన్ కణాలే ఉంటాయా?

ఉండవు. మెదడులో, వెన్నుపాములో మైలిన్ వేసేవి ఒలిగోడెండ్రోసైట్లు. ఒక ఒలిగోడెండ్రోసైట్ ఒకేసారి చాలా ఆక్సాన్లకు తొడుగు వేస్తుంది. మైలిన్ వేసే ష్వాన్ కణం మాత్రం ఒక్క ఆక్సాన్‌కే అంకితం. ఇంకో తేడా, తెగిన నరాన్ని తిరిగి మొలిపించే శక్తి ష్వాన్ కణాలకు బాగా ఉంది, ఒలిగోడెండ్రోసైట్లకు లేదు.

ట్యూమర్ సప్రెసర్ అంటే క్యాన్సర్‌ను చంపే ప్రోటీనా?

కాదు, ఇది చాలామంది పొరపడే చోటు. ట్యూమర్ సప్రెసర్ గడ్డ వచ్చాక దానిమీద యుద్ధానికి వెళ్లదు. ఆరోగ్యంగా ఉన్న కణంలో రోజూ ఉంటూ, అక్కర్లేనప్పుడు కణం రెండుగా చీలకుండా పట్టి ఉంచుతుంది. గుర్రానికి కళ్లెం లాంటిది. గుర్రం పరుగెత్తాల్సిన వేళ కళ్లెం వదలాలి, ఆగాల్సిన వేళ బిగించాలి. అది తెగిపోయిన కణం గడ్డగా పెరుగుతుంది. పీ53, రెటీనోబ్లాస్టోమా ప్రోటీన్, పీటెన్ అందరూ విన్నవే. ష్వాన్ కణంలో ముఖ్యంగా చెప్పుకోవాల్సినవి రెండు: మెర్లిన్, న్యూరోఫైబ్రోమిన్.

నరానికి కాపలా ఉండే కణానికి ఇంత కట్టడి ఎందుకు? అది పెరిగితే నష్టమేంటి?

ష్వాన్ కణం మామూలు కణంలా ఒకసారి ఎదిగి ఆగిపోయేది కాదు. పిండంలో ఆక్సాన్ల వెంట పాకుతూ వేగంగా సంఖ్య పెంచుకుంటుంది. తర్వాత ఆగి మైలిన్ వేస్తుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది. నరానికి గాయమైతే మైలిన్ వదిలేసి, మళ్లీ చీలడం మొదలుపెడుతుంది. పని అయ్యాక మళ్లీ ఆగాలి. ఇన్నిసార్లు ఆగి, మొదలై, ఆగే కణంలో ఆపే ప్రోటీన్‌ను శాశ్వతంగా బిగించి పెట్టలేం. అందుకే దానిమీద ఇన్ని రకాల నియంత్రణలు. పైగా నరం చాలా చోట్ల ఎముక మధ్య ఇరుకు దారిలో పోతుంది. అక్కడ బఠాణీ గింజంత గడ్డ పెరిగినా నరం నలిగిపోతుంది.

## రెండో మెట్టు: మెర్లిన్ ఎవరు?

మెర్లిన్, ష్వానోమిన్, ఎన్ఎఫ్2: ఇవి మూడు వేర్వేరా?

ఎన్ఎఫ్2 అనేది జన్యువు, 22వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది పాడైతే వచ్చే జబ్బును కూడా అదే పేరుతో పిలుస్తారు. దాన్నుంచి తయారయ్యే ప్రోటీనే మెర్లిన్. 1993లో రెండు బృందాలు ఈ జన్యువును విడివిడిగా కనిపెట్టాయి. ఒకరు మెర్లిన్ అన్నారు, ఒకరు ష్వానోమిన్ అన్నారు. మోయిసిన్, ఎజ్రిన్, రాడిక్సిన్ అనే మూడు ప్రోటీన్ల పోలిక ఉందని వాటి పేర్లలోంచి అక్షరాలు తీసుకుని మెర్లిన్ కట్టారు. ఆ మూడూ కణం పైపొరను లోపలున్న యాక్టిన్ పోగులకు ముడివేస్తాయి. మెర్లిన్ కూడా పైపొర కిందే ఎక్కువగా ఉంటుంది. కానీ ఆ కుటుంబంలో కణితిని అణిచే గుణం దీనికే ప్రసిద్ధి.

ఐసోఫామ్ 1, ఐసోఫామ్ 2 అని పుస్తకంలో ఉంది. ఏది అసలుది?

రెండూ అసలువే. ఒకే జన్యువును కణం రెండు రకాలుగా కత్తిరించి అతికిస్తుంది. మొదటి 579 అమైనో ఆమ్లాలు రెండింట్లోనూ ఒకటే. ఐసోఫామ్ 1 చివర 16 కలిసి మొత్తం 595 అవుతుంది. ఐసోఫామ్ 2లో 16వ ఎక్సాన్ (జన్యువులో ఒక ముక్క) చేరి, చివర వేరే 11 వచ్చి 590 దగ్గర ఆగుతుంది. తోక మారడంతో ప్రోటీన్ తనను తాను మడుచుకునే తీరు కూడా మారుతుంది. ఐసోఫామ్ 1 మాత్రమే పెరుగుదలను ఆపుతుందని తొలి రోజుల్లో అనుకునేవారు. తర్వాతి ప్రయోగాల్లో రెండోదీ ఆపగలదని తేలింది. పాత నోట్సులోంచి చదివే పిల్లలు ఈ ఒక్క వాక్యం దిద్దుకోవాలి.

## మూడో మెట్టు: కళ్లెం బిగించేదెవరు, వదిలేదెవరు

సీరిన్ 518 గురించి ప్రతిచోటా రాస్తారు. అంత ముఖ్యమా?

అవును. మెర్లిన్ నియంత్రణలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే దీన్నే పెట్టుకోండి. మెర్లిన్‌లోని 518వ అమైనో ఆమ్లం సీరిన్. దానికి ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్క తగిలిస్తే మెర్లిన్ పెరుగుదలను ఆపే పని మానుకుంటుంది. ఫాస్ఫేట్ తీసేస్తే మళ్లీ పనిలోకి వస్తుంది. కణంలో మెర్లిన్ మొత్తం తగ్గకుండానే దాని పని ఆగిపోవచ్చన్నమాట. “ప్రోటీన్ ఉంది కదా, మరి గడ్డ ఎందుకు?” అని అడిగేవాళ్లు ఉన్నదీ లేనిదీ చూస్తారు. ఉన్నది ఏ స్థితిలో ఉందో చూడాలి.

ఆ ఫాస్ఫేట్ ఎవరు పెడతారు?

ఇద్దరు పేరున్న ఎంజైములు. మొదటిది పాక్. రాక్, సీడీసీ42 అనే చిన్న ప్రోటీన్లు మేలుకొన్నప్పుడు ఇది లేస్తుంది. రెండోది పీకేఏ. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగితే ఇది లేస్తుంది. ష్వాన్ కణంలో ఈ ఇద్దరికీ కబురు వచ్చే దారులు వేరు. కింద పరుచుకున్న లామినిన్ అనే ప్రోటీన్‌ను కణం తన పైపొర మీది బీటా1 ఇంటిగ్రిన్ అనే గ్రాహకంతో పట్టుకున్నప్పుడు పాక్ దారి తెరుచుకుంటుంది. ఆక్సాన్ ఇచ్చే న్యూరెగ్యులిన్ అనే పెరుగుదల సంకేతం తగిలినప్పుడు పీకేఏ దారి.

ఇందులో నాకు ఎంతో నచ్చే సంగతి ఒకటుంది. పాక్ మెర్లిన్‌ను నిద్రపుచ్చుతుంది, నిజమే. కానీ మేలుకున్న మెర్లిన్ పాక్‌ను అణుస్తుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు మెలిపెట్టి పట్టుకున్నట్టు ఉంటారు. ఏ పక్క కాస్త బలం పెరిగినా తక్కెడ ఆ పక్కకే పూర్తిగా వాలిపోతుంది. కణం సగం సగం ఊగిసలాడకుండా చీలాలో ఆగాలో తేల్చుకోవడానికి ఇలాంటి అమరిక చాలా పనికొస్తుంది.

మరి ఫాస్ఫేట్ తీసేదెవరు?

మైపీటీ1, పీపీ1 డెల్టా అనే జంట. పీపీ1 డెల్టా ఫాస్ఫేట్‌ను కోసే కత్తి అయితే, దాన్ని మెర్లిన్ దగ్గరికి చేర్చే చెయ్యి మైపీటీ1. ఈ జంటను ఆపే ఇంకో చిన్న ప్రోటీన్ ఉంది, సీపీఐ17. అది మితిమీరితే ఫాస్ఫేట్ తీసే పని ఆగి, జన్యువులో ఏ లోపమూ లేకుండానే మెర్లిన్ పడకేస్తుంది. 2006లో ఈ సంగతి బయటికి వచ్చింది. కొన్ని కణితి కణాల్లో సీపీఐ17 నిజంగానే ఎక్కువగా కనిపించింది.

మెర్లిన్ మూసుకుంటే పనిచేస్తుందా, తెరుచుకుంటేనా? రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది.

రెండు పుస్తకాలూ తమ కాలానికి సరిగానే రాశాయి. మెర్లిన్ తల భాగం, తోక భాగం ఒకదాన్నొకటి పట్టుకోగలవు. ఎజ్రిన్ కుటుంబంతో పోల్చి, తలా తోకా కలిసి మూసుకున్న రూపమే పెరుగుదలను ఆపుతుందని, ఫాస్ఫేట్ చేరితే విప్పుకుని పని మానుతుందని చాలాకాలం చెప్పారు. 2012లో వచ్చిన పరిశోధన దాన్ని తిప్పేసింది: ఫాస్ఫేట్ లేని మెర్లిన్ కాస్త విప్పుకుని ఉంటుందని, పనిచేసేది అదేనని చూపింది. పూర్తిగా తెరిచిన తలుపు, పూర్తిగా వేసిన తలుపు అన్నంత తేడా కూడా లేదని, మార్పు సన్నదేనని కొలతలు చెప్పాయి. పరీక్షలో రాసేటప్పుడు “ఫాస్ఫేట్ లేనిది పనిచేస్తుంది” అని రాయండి. ఆ మాట రెండు వాదాలకూ సరిపోతుంది.

పక్కన ఇంకో కణం ఉందని మెర్లిన్‌కు ఎలా తెలుస్తుంది?

పైపొర కింద కాచుకుని ఉండబట్టే. కణాలు పలచగా, దూరదూరంగా ఉన్నప్పుడు మెర్లిన్‌కు ఎక్కువగా ఫాస్ఫేట్ తగిలి ఉంటుంది, కణం చీలుతూ పోతుంది. కణాలు ఒత్తుగా నిండాక ఫాస్ఫేట్ ఊడుతుంది. అప్పుడు మెర్లిన్ సీడీ44 అనే పైపొర ప్రోటీన్ తోకను పట్టుకుంటుంది. బయట హయలురోనిక్ ఆమ్లాన్ని తాకే సీడీ44, మెర్లిన్ తోడుతో “ఇక చాలు” అన్న కబురు లోపలికి పంపుతుంది. ష్వాన్ కణాల్లో పాక్సిలిన్ అనే మరో ప్రోటీన్ మెర్లిన్‌ను పైపొర దగ్గరికి తోడ్కొని వస్తుంది. అక్కడ బీటా1 ఇంటిగ్రిన్, న్యూరెగ్యులిన్ కబురు అందుకునే ఈఆర్‌బీబీ2 గ్రాహకం దగ్గర దాన్ని నిలబెడుతుంది. పెరగమని చెప్పే గ్రాహకం పక్కనే ఆపేవాణ్ణి కాపలా పెట్టడం అన్నమాట.

హిప్పో దారి అంటే ఏంటి? మెర్లిన్‌కు దానితో ఏం సంబంధం?

హిప్పో దారి అంటే అవయవం ఎంత పెరగాలో నిర్ణయించే ప్రోటీన్ల వరస. దీన్ని మొదట పండ్ల ఈగలో కనిపెట్టారు. చివరన ఉండేది వైఏపీ. అది న్యూక్లియస్‌లోకి వెళ్తే పెరుగుదల జన్యువులు మేలుకుంటాయి. దాన్ని బయటే ఆపడానికి లాట్స్ అనే ఎంజైము ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ లాట్స్‌ను పైపొర దగ్గరికి పిలిచి పనిలో పెట్టేది మెర్లిన్. ఈ పిలుపు సంగతి 2013లో తేలింది. మెర్లిన్ లేని ష్వాన్ కణంలో లాట్స్ చెదిరిపోయి, వైఏపీ అడ్డూ ఆపూ లేకుండా న్యూక్లియస్‌లో కూర్చుంటుంది.

మెర్లిన్ న్యూక్లియస్‌లోకి కూడా వెళ్తుందట, నిజమేనా?

నిజమే. ఫాస్ఫేట్ లేని మెర్లిన్ న్యూక్లియస్‌లోకి చేరి, డీసీఏఎఫ్1తో నడిచే ఒక యుబిక్విటిన్ లైగేజును (ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించే ఎంజైమును) పట్టి ఆపుతుందని 2010లో చూపారు. ఆ లైగేజు నిరాటంకంగా పనిచేస్తే కణితికి దారితీసే జన్యువుల పాట మొదలవుతుంది. ఇదే లైగేజు న్యూక్లియస్‌లో లాట్స్‌ను కూడా దెబ్బతీస్తుందని తర్వాత తెలిసింది. అంటే మెర్లిన్ పైపొర దగ్గర లాట్స్‌ను పిలుస్తుంది, న్యూక్లియస్‌లో దాని శత్రువును కట్టేస్తుంది.

మెర్లిన్‌ను కణమే నాశనం చేస్తుందా?

చేస్తుంది. ఏకేటీ అనే ఎంజైము మెర్లిన్‌లోని థ్రియోనిన్ 230, సీరిన్ 315 దగ్గర ఫాస్ఫేట్ పెడితే యుబిక్విటిన్ తగులుకుని, ప్రోటియాసోమ్ అనే ప్రోటీన్లను కోసే యంత్రం దాన్ని ముక్కలు చేస్తుంది. సీరిన్ 518 దగ్గర ఫాస్ఫేట్ పడితే తాత్కాలికంగా నిద్ర, ఇక్కడ పడితే ఏకంగా మరణం. కాల్పెయిన్ అనే మరో ఎంజైము కూడా దీన్ని కోయగలదు. కొన్ని ష్వానోమాల్లో (ష్వాన్ కణాల గడ్డలు), మెనింజియోమాల్లో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరల గడ్డలు) ఆ కోత ఆనవాళ్లు చూశారు.

ఆక్సాన్‌కు ఇందులో పాత్ర ఏమిటి? ష్వాన్ కణం తనంతట తాను నిర్ణయించుకోలేదా?

చాలావరకు ఆక్సాన్ చెప్పినట్టే వింటుంది. ఆక్సాన్ ఉపరితలం మీద ఉండే న్యూరెగ్యులిన్ 1 మూడో రకం, ష్వాన్ కణంలోని ఈఆర్‌బీబీ2, ఈఆర్‌బీబీ3 గ్రాహకాలను తాకుతుంది. ఆ స్పర్శ లేకపోతే పిండదశలో ష్వాన్ కణాలు బతకవు. అదే స్పర్శ ఒక దశలో చీలమంటుంది, తర్వాత మైలిన్ ఎంత మందం వేయాలో చెప్తుంది. దీని మీద ఇంకో ముడి ఉంది. న్యూరాన్ లోపల కూడా మెర్లిన్ ఉంటుంది. న్యూరాన్‌లో మెర్లిన్ తగ్గితే ఆక్సాన్ ఇచ్చే న్యూరెగ్యులిన్ మారి, పక్కనున్న ష్వాన్ కణంలో ఈఆర్‌బీబీ2 అదుపు తప్పుతుందని ఎలుకల్లో చూపారు. గడ్డ ష్వాన్ కణానిదే. కానీ కథ ఇద్దరిదీ.

## నాలుగో మెట్టు: నరం తెగినప్పుడు

గాయమైనప్పుడు ష్వాన్ కణాలు పెరగాలి కదా. అప్పుడు మెర్లిన్ లేకపోతేనే మేలు కాదా?

తర్కం అలాగే చెప్తుంది, నేనూ అలాగే అనుకున్నాను. 2017లో వచ్చిన ఎలుకల ప్రయోగం దాన్ని తలకిందులు చేసింది. ష్వాన్ కణాల్లో మెర్లిన్ తీసేసిన ఎలుకలకు తుంటి నరం (సయాటిక్) నలిపితే, కణాలు ఎక్కువే అయ్యాయి కానీ నరం బాగుపడలేదు. ఆక్సాన్లు సరిగ్గా తిరిగి మొలవలేదు, మైలిన్ పడలేదు. గాయపడ్డ ష్వాన్ కణం మరమ్మతు చేసే కణంగా మారడానికి సీ జన్ అనే ప్రోటీన్ పెరగాలి. ఇక్కడ అది తగినంత పెరగలేదు. తర్వాత అదే ఎలుకల్లో వైఏపీని కూడా తీసేశారు. నరం మళ్లీ బాగుపడింది! అంటే అడ్డుపడింది వైఏపీ. మరమ్మతంటే కణాల సంఖ్య పెంచడం ఒక్కటే కాదు. కణం పాత పని వదిలి కొత్త పని నేర్చుకోవాలి, ఆ మార్పుకు మెర్లిన్ కావాలి.

## ఐదో మెట్టు: కళ్లెం తెగినప్పుడు

ఒక జన్యువు పాడైతే చాలా, రెండూ పాడవాలా?

ష్వానోమా రావాలంటే ఆ కణంలో రెండు నకళ్లూ పోవాలి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. ఎన్ఎఫ్2 ఉన్నవాళ్లు ఒక నకలు పాడైపోయే పుడతారు. జీవితంలో ఏదో ఒక ష్వాన్ కణంలో రెండోది కూడా పోతుంది. ఒంట్లో ష్వాన్ కణాలు కోకొల్లలు కాబట్టి అలాంటి కణాలు చాలాచోట్ల పుడతాయి, గడ్డలు చాలా వస్తాయి. వంశంలో జబ్బు లేనివాళ్లలో ఒకే కణంలో రెండు దెబ్బలూ పడటం అరుదు. పడితే ఒకే గడ్డ వస్తుంది, అదీ సాధారణంగా పెద్ద వయసులో. ఈ రెండు దెబ్బల లెక్కను 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ పిల్లల కంటి క్యాన్సర్ మీద చూపాడు.

చెవి నరం మీదే ఎందుకు వస్తుంది? అది క్యాన్సరేనా?

ఎనిమిదో కపాల నాడిలో వినికిడికి ఒక భాగం, నిలకడకు ఒక భాగం ఉంటాయి. గడ్డ చాలాసార్లు నిలకడ భాగం మీద పుడుతుంది, కానీ పక్కనే ఉన్న వినికిడి భాగాన్ని నొక్కుతుంది. అందుకే చెవిలో హోరు, ఫోన్‌లో మాట స్పష్టంగా అర్థం కాకపోవడం మొదటి లక్షణాలు. రెండు వైపులా ఇలాంటి గడ్డలుంటే ఎన్ఎఫ్2 అనడానికి అది బలమైన గుర్తు. వీటిలో దాదాపు అన్నీ నిరపాయ కణితులే, అంటే ఒంట్లో వేరే చోటికి పాకేవి కావు. “నిరపాయం” అన్న మాట మాత్రం కుటుంబాలకు అన్యాయం చేస్తుందని నాకనిపిస్తుంది. వినికిడి పోవడం, ముఖం ఒక వైపు వాలిపోవడం, మెదడు కాండం మీద ఒత్తిడి పడటం నిరపాయమేమీ కాదు. వీటితోపాటు మెనింజియోమాలు, వెన్నుపాములో గడ్డలు, చిన్నవయసులోనే కంటిపొర కూడా రావచ్చు.

ఎన్ఎఫ్1 కూడా ఇదేనా? పేరు ఒకలాగే ఉంది.

పేరే ఒకటి. జన్యువు వేరు, ప్రోటీన్ వేరు, అణిచే పద్ధతి వేరు. ఎన్ఎఫ్1 జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, 1990లో కనిపెట్టారు. దాని ప్రోటీన్ న్యూరోఫైబ్రోమిన్‌లో 2,800కు పైగా అమైనో ఆమ్లాలు ఉన్నాయి. మెర్లిన్ దాని పక్కన పసిబిడ్డ. కణాన్ని పెరగమనే రాస్ అనే ప్రోటీన్ మేలుకుని ఉంటే న్యూరోఫైబ్రోమిన్ దాన్ని పడుకోబెడుతుంది. స్ప్రెడ్1 అనే ఇంకో ప్రోటీన్ న్యూరోఫైబ్రోమిన్‌ను పైపొర దగ్గరికి చేరుస్తుంది. పెరుగుదల సంకేతం రాగానే కణం న్యూరోఫైబ్రోమిన్‌ను కొన్ని నిమిషాల్లో ప్రోటియాసోమ్‌కు పంపి నాశనం చేస్తుంది. రాస్ పని అయ్యాక మళ్లీ తయారుచేసుకుంటుంది. సుమారు 3,000 మందిలో ఒకరికి ఎన్ఎఫ్1 ఉంటుంది. ఒంటిమీద కాఫీ రంగు మచ్చలు, న్యూరోఫైబ్రోమాలనే మెత్తటి నరపు గడ్డలు దాని గుర్తులు. ఎన్ఎఫ్2 అంతకంటే చాలా అరుదు.

రిపోర్టులో ఎన్ఎఫ్2 బదులు “ష్వానోమటోసిస్” అని రాశారు. డాక్టరు గారు పొరబడ్డారా?

లేదు. 2022లో అంతర్జాతీయ నిపుణులు పేర్లు మార్చారు. పాత న్యూరోఫైబ్రోమటోసిస్ 2 ఇప్పుడు ఎన్ఎఫ్2 సంబంధిత ష్వానోమటోసిస్. ఎందుకంటే ఇందులో వచ్చేవి న్యూరోఫైబ్రోమాలు కావు, ష్వానోమాలు. ఎల్‌జడ్‌టీఆర్1, ఎస్ఎమ్ఏఆర్‌సీబీ1 అనే మరో రెండు జన్యువుల వల్ల కూడా ష్వానోమటోసిస్ వస్తుంది. అవి కూడా 22వ క్రోమోజోమ్ మీద, ఎన్ఎఫ్2 ఉన్న వైపే ఉన్నాయి. కాబట్టి ఆ క్రోమోజోమ్ ముక్క ఒకటి ఊడిపోతే రెండు కళ్లేలు ఒకేసారి పోతాయి.

## ఆరో మెట్టు: ల్యాబ్‌లో

ష్వాన్ కణాలు పెంచుతున్నాం. మెర్లిన్ ఫాస్ఫేట్ ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తోంది. తప్పెక్కడ?

ముందు మీ మీడియం సీసా మీద రాసింది చదవండి. పుట్టిన రెండు మూడు రోజుల ఎలుక పిల్లల తుంటి నరం నుంచి తీసిన ష్వాన్ కణాలు ఉత్త మీడియంలో సరిగ్గా పెరగవు. అందుకని దాదాపు అందరూ న్యూరెగ్యులిన్, ఫోర్స్‌కోలిన్ కలుపుతారు. ఫోర్స్‌కోలిన్ సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది, అది పీకేఏను లేపుతుంది, పీకేఏ వెళ్లి సీరిన్ 518 మీద ఫాస్ఫేట్ పెడుతుంది. ప్లేటు అడుగున పూసిన లామినిన్ పాక్ వైపు నుంచి అదే పని చేస్తుంది. కణం పెరగడానికి మనం పెట్టిన తిండే మనం కొలవబోయే కళ్లేన్ని వదులుచేస్తోంది. కొలిచే ముందు ఆ రెండూ తీసేసి కొన్ని గంటలు ఉంచాలి, తీయని ప్లేటును పక్కన పెట్టి పోల్చాలి.

ఫోర్స్‌కోలిన్ వచ్చేది మన దేశంలో పండించే కోలియస్ మొక్క వేరు నుంచి. సూక్ష్మదర్శిని కింద ఆ కణాలను చూసినవాళ్లకు మరచిపోలేని దృశ్యం ఉంటుంది: సన్నగా, రెండు కొసలూ సూదిగా, ఏరు పారే వైపు తిరిగిన చేపల్లా పక్కపక్కన వరసకట్టి ఉంటాయి. వాటి మధ్య బల్లపరుపుగా, వెడల్పుగా పరుచుకున్నవి కనిపిస్తే అవి ఫైబ్రోబ్లాస్టులు, నరంతోపాటు వచ్చిన వేరే రకం కణాలు. వాటిని వదిలించుకోకుండా తీసిన కొలత దేనిదో చెప్పలేం.

వెస్టర్న్ బ్లాట్‌లో ఒకసారి ఫాస్ఫేట్ వస్తోంది, ఒకసారి రావట్లేదు.

వెస్టర్న్ బ్లాట్ అంటే నమూనాలోని ప్రోటీన్‌ను గీతగా చూపే పరీక్ష. కణాలను చీల్చే ద్రావణంలో ఫాస్ఫటేజ్ నిరోధకాలు (ఫాస్ఫేట్ కోసే ఎంజైములను ఆపేవి) వేశారా, ప్లేటు మంచు మీదే ఉందా చూసుకోండి. కణం పగలగానే ఫాస్ఫేట్ కోసే ఎంజైములు విడుదలై, మీరు పైపెట్ మార్చుకునేలోపే పని కానిచ్చేస్తాయి. మెర్లిన్ గీత 70 కిలోడాల్టన్ల దరిదాపుల్లో వస్తుంది. ఫాస్ఫో 518 యాంటీబాడీతో వచ్చిన గీతను ఒంటరిగా చూపకండి, అదే నమూనాలో మొత్తం మెర్లిన్ ఎంతో పక్కన చూపాలి. ఇంకొకటి, కణాల సాంద్రత. ఒక ప్లేటు సగం నిండి, ఇంకోటి పూర్తిగా నిండి ఉంటే మీరు మందు ప్రభావం కొలుస్తున్నాననుకుని రద్దీని కొలుస్తుంటారు.

ఒక నకలు పాడైన ఎలుకకు ష్వానోమా వస్తుందా?

రాదు. 1998లో అలాంటి ఎలుకలకు ఎముక క్యాన్సర్, ఇంకొన్ని రకాలు వచ్చాయి, మనుషుల్లో వచ్చే ష్వానోమా రాలేదు. 2000లో ష్వాన్ కణాల్లో మాత్రమే రెండు నకళ్లూ తీసేసినప్పుడు ష్వాన్ కణాలు మితిమీరి పెరగడం, ష్వానోమాలు కనిపించాయి. ఎలుక జబ్బును మనిషి జబ్బుకు అచ్చంగా సరిపోల్చకూడదని చెప్పడానికి నేను తరగతిలో ఇదే చెప్తాను.

## ఏడో మెట్టు: ఇంట్లోవాళ్ల ప్రశ్నలు

మాది మేనరికం. అందుకే మా అబ్బాయికి వచ్చిందా?

కాదండీ. దయచేసి ఆ నింద ఎవరి మీదా వేసుకోకండి. మేనరికంలో ముప్పు పెరిగేది అమ్మానాన్నలిద్దరి దగ్గరా దాగి ఉన్న లోపం బిడ్డలో కలిసినప్పుడు వచ్చే జబ్బులకు. ఎన్ఎఫ్2 అలాంటిది కాదు, ఒక నకలు పాడైతే చాలు సంక్రమిస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. దాదాపు సగం మందిలో ఇంట్లో ఎవరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా మార్పు వస్తుంది. ఏ తిండి వల్లో, గ్రహణం వల్లో వచ్చేది కాదు.

రెండు చెవుల్లోనూ గడ్డలున్నాయి, రక్త పరీక్షలో మాత్రం ఏమీ లేదన్నారు. ఎలా?

మార్పు ఒంట్లోని అన్ని కణాల్లో లేకపోవచ్చు. పిండం కొంత ఎదిగాక ఒక కణంలో మార్పు జరిగితే, దాని సంతతిలోనే అది ఉంటుంది. దీన్ని మొజాయిక్ అంటారు. కుటుంబంలో మొదటిసారి జబ్బు వచ్చినవాళ్లలో ఇది తక్కువేం కాదు. రక్తంలో దొరకనిది తీసిన గడ్డలో దొరుకుతుంది. రెండు వేర్వేరు గడ్డల్లో ఒకే మార్పు కనిపిస్తే సంగతి తేలినట్టే. ఆపరేషన్ అవుతుంటే గడ్డ నమూనాను జన్యు పరీక్షకు దాచమని ముందే అడగండి.

మెర్లిన్‌నే మాత్రగా ఇవ్వలేరా?

మెర్లిన్ పనిచేసేది కణం లోపల. మాత్రగా వేస్తే పప్పులో ప్రోటీన్ అరిగినట్టే పొట్టలో అరిగిపోతుంది. సూదితో ఇచ్చినా కణం పైపొర దాటి లోపలికి పోదు. జన్యువునే లోపలికి చేర్చే పద్ధతుల మీద పరిశోధన జరుగుతోంది. ప్రస్తుతానికి మందులన్నీ మెర్లిన్ లేకపోవడం వల్ల రెచ్చిపోయిన దారులను అణచడానికే. బెవాసిజుమాబ్ గడ్డకు రక్తనాళాలు పుట్టించే వీఈజీఎఫ్‌ను పట్టేస్తుంది. 2009లో పది మంది రోగులపై వచ్చిన నివేదికలో చాలామందికి గడ్డ తగ్గింది, కొందరికి వినికిడి మెరుగైంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే బ్రిగాటినిబ్‌తో కొంతమందిలో గడ్డలు తగ్గాయని 2024లో ప్రచురించారు. ఎన్ఎఫ్1 ఉన్న పిల్లల్లో ఆపరేషన్‌కు వీలుకాని ప్లెక్సిఫామ్ న్యూరోఫైబ్రోమాలకు (నరాల వెంట అల్లుకుపోయే గడ్డలు) సెల్యుమెటినిబ్‌ను 2020లో అమెరికా ఆమోదించింది. అది రాస్ కింద ఉండే ఎమ్ఈకే అనే ఎంజైమును ఆపుతుంది, కాబట్టి ఎన్ఎఫ్1 మందును ఎన్ఎఫ్2 వాళ్లు తమంతట తాము అడిగి వాడకూడదు.

మందు ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుందా?

పెరగవచ్చు. ఈ మందులు కణంలో పోయిన జన్యువును తిరిగి పెట్టవు, దారిని మాత్రమే మూస్తాయి. అందుకే ఎంఆర్‌ఐ, వినికిడి పరీక్ష డాక్టరు చెప్పిన తేదీకే చేయించండి, బాగున్నట్టు అనిపించినా వాయిదా వేయకండి. పాత సీడీలు, ఫిల్ములు పారేయకుండా ఒక సంచిలో తేదీల వారీగా పెట్టుకోండి. గడ్డ ఎంత ఉందన్న దానికంటే పోయిన ఏడాది నుంచి ఎంత పెరిగిందన్నదే డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.